నేను తల ఊపింది ఒప్పుకోవడానికి కాదు

మావాళ్ళు నలుగురు ఎక్కడ చేరినా, ప్లేట్లలో బిర్యానీ పడగానే ఈ కథ బయటికొస్తుంది. నేను రైఫిల్‌కి స్కోప్, అంటే గురి చూసే దుర్బిణి, కొనడానికి కొట్టుకి వెళ్ళానట. కొట్టాయన ఒక చిన్న స్కోప్ చేతికిచ్చి "ఇది కావాలా?" అన్నాడట. నేను మన అలవాటు ప్రకారం తల అటూ ఇటూ ఊపానట. అది అవుననో కాదనో తేలక, ఆ తెల్లాయన అవుననుకుని బిల్లు కొట్టేశాడట. కాదని చెప్పడానికి మొహమాటపడి నేను తెచ్చేసుకున్నానట. ఆ తర్వాత అదే నాకు కలిసొచ్చిందట. ఇక్కడికి రాగానే చెప్పేవాళ్ళు తల ఊపి చూపిస్తారు, వినేవాళ్ళు పొట్ట పట్టుకుంటారు.

ఇందులో నిజం ఒక్కటే. నేను తల ఊపాను. మిగతాదంతా కట్టుకథ, అందులోనూ ఆ మొహమాటం మరీను. నన్నెరిగినవాళ్ళు ఆ మాట దగ్గరే కథని ఆపి అనుమానించాల్సింది. సంచిలో రెండు ఉల్లిపాయలు మెత్తబడ్డాయని ఇక్కడి టెక్సస్ హైవే మీద ఇంటి నుంచి ఇర్వింగ్ కొట్టుకి మళ్ళీ వెళ్ళి మార్పించుకొచ్చిన మనిషిని నేను. నాకు మొహమాటమా!

అసలు సంగతి అడవి పందులతో మొదలైంది.

ఊరికి ఉత్తరంగా గంటన్నర దూరంలో మేమూ, మా ఆయన స్నేహితుడి కుటుంబమూ కలిసి కొంచెం పొలం కొన్నాం. ఆ స్నేహితుణ్ణి నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. ఈ వరసలు మా ఇద్దరి వాదనలకు ఏనాడూ అడ్డు రాలేదు. ఆ నేలలో గోంగూర వేశాం, దోస పెట్టాం, సొరపాదు పందిరెక్కించాం. రెండేళ్ళు బ్రహ్మాండంగా పండింది. మూడో ఏడు ఒక శనివారం వెళ్ళేసరికి ట్రాక్టర్‌తో తిరగదున్నినట్టుంది. గోంగూర వేళ్ళతో సహా లేచిపోయింది. దోసకాయలు ఒక్కో కొరుకు కొరికి వదిలేశాయి, రుచి చూసి పక్కన పెట్టే పెళ్ళివారిలా. కంచె వేశాం. కింద నుంచి తవ్వుకుని వచ్చాయి.

అవి వచ్చేది పక్కనున్న పెద్ద పశువుల మేత భూమిలోంచి. దాని మధ్య ఒక వాగు, ఆ వాగు పొదల్లో మందలు. వాటిని కొట్టాలంటే అక్కడే కొట్టాలి. ఆ భూమి ఒక ముసలాయనది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, నడుము వంగలేదు, మాట అంతకన్నా వంగలేదు. మేం ముగ్గురం వెళ్ళి అడిగితే వరండాలో నిలబడే చెప్పాడు.

"వంద గజాల దూరం. టీ సాసరంత గుండ్రం. అయిదు గుళ్ళు. అయిదూ లోపల పడాలి. పడితే గేటు తాళంచెవి ఇస్తాను. పడకపోతే వచ్చే ఏడాది రండి. ఏడాదికి ఒకటే అవకాశం."

"నాలుగు పడితే?" అన్నారు అన్నయ్యగారు. ఆయనకి బేరమాడకుండా తోచదు.

"ఆ అయిదోది పంది కడుపులో ఎక్కడో తగులుతుంది. అది నా వాగులో మూడు రోజులు చస్తుంది. అలాంటిదాన్ని ఒకసారి చూశాను. చాలు."

ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఆ తాళంచెవి నాకు కావాలనిపించింది. మా ఆయనకీ అన్నయ్యగారికీ కూడా కావాలి, కానీ వాళ్ళకి వేట సరదా. నాకు గోంగూర పోయిన కడుపుమంట. పైగా అంతకు రెండేళ్ళ ముందు, సిటిజన్‌షిప్ వచ్చాక, ఆడవాళ్ళకి రైఫిల్ నేర్పే క్లాసులో చేరతానంటే "నీకెందుకే అవన్నీ" అన్న మనిషి మా ఆయన. ఎందుకో చూపించాలని చేరాను, చేరాక నిజంగానే ఇష్టపడ్డాను. శనివారం పొద్దున రేంజ్‌కి, అంటే తుపాకీ సాధన చేసే చోటికి, వెళ్ళి కాగితం మీది నల్ల చుక్కలతో తగువు పెట్టుకుని రావడం నాకు గుడికి వెళ్ళొచ్చినంత హాయి.

నా రైఫిల్ పేల్చినప్పుడు భుజాన్ని పెద్దగా తన్నని రకం, మంచిది. దానితో వచ్చిన స్కోప్ మాత్రం ఉత్త డొల్ల. చలి పడితే లోపల మంచు పట్టేది, నాలుగు గుళ్ళు పేలిస్తే దాని గురి ఎటో జరిగేది. పరీక్షకి రెండు నెలలుంది. రేంజ్‌లో కాగితానికీ, వాగు దగ్గర పందికీ ఒకటే స్కోప్ పనికిరావాలి. రెండు కొనుక్కుని మార్చుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు.

సలహా అడక్కుండానే వచ్చింది. "చెల్లెమ్మా, స్కోప్‌లో చూడాల్సింది పవర్ ఒక్కటే. ఎంత పవరుంటే అంత మంచిది. నాది ఇరవైనాలుగు," అన్నారు అన్నయ్యగారు.

"అన్నయ్యగారూ, మన ఇళ్ళల్లో పవర్ పెరిగిందంటే చూపు తగ్గిందని అర్థం. మీ కళ్ళజోడు పవరెంత?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటి కాదని మీకు తెలిసినందుకు సంతోషం."

ఆయన స్కోప్ పొట్లకాయంత పొడవు. బొమ్మని ఆరు రెట్ల నుంచి ఇరవైనాలుగు రెట్ల దాకా పెంచుకోవచ్చు. ఆయన చెప్పారని మా ఆయన కూడా అదే కొన్నాడు, కవలపిల్లలకి ఒకే రంగు చొక్కాలు కుట్టించినట్టు. ఒకసారి అందులోంచి చూశాను. సాదా అడ్డగీత, నిలువుగీత కాదు, మధ్య నుంచి కిందిదాకా చుక్కలూ గీతలూ అంకెలూ. ధనుర్మాసం ముగ్గు. "ఇందులో పందిని కొట్టాలా, ముగ్గు పూర్తి చెయ్యాలా?" అన్నాను. ఇద్దరూ నవ్వలేదు.

కొట్టుకి నేనూ మా ఆయనా వెళ్ళాం. హైవే పక్క విమానాల షెడ్డంత దుకాణం. కౌంటర్ వెనక నెరిసిన జుట్టు పిలక కట్టుకున్న ఒకాయన. నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ మా ఆయన మొహం చూసి జవాబిస్తున్నాడు. మూడో జవాబు తర్వాత "ఆమెకి తేలికగా ఉండేది చూపించమంటారా?" అని మా ఆయన్నే అడిగాడు.

"ఆమె ఇక్కడే ఉంది," అన్నాను. "ఆమెకి ఇంగ్లీషు వచ్చు. తుపాకీ కూడా ఆమెదే."

అక్కణ్ణుంచి నా మొహమే చూశాడు. అంతే తేడా, మనిషి మంచివాడే. మూడు స్కోప్‌లు తీయించాను. అన్నయ్యగారి పొట్లకాయ ఒకటి. మూడు నుంచి తొమ్మిది రెట్ల మామూలు పొట్టిది ఒకటి. చూడ్డానికి అచ్చం దానిలాగే ఉన్న చవకది ఇంకొకటి. మూడింటినీ బయటికి తీసుకెళ్ళి చూడాలన్నాను. కొట్టు లోపల ఎంత చూసినా గోడ నలభై గజాలే, నాకు వంద కావాలి. ఆయన ఒక బల్లస్టాండు, మూడు స్కోప్‌లు ట్రాలీలో పెట్టుకుని, నిట్టూర్చి, మాతో తలుపు బయటికి వచ్చాడు. పార్కింగ్ లాట్ చివర, రోడ్డవతల ఒక హోటల్ బోర్డుంది. దానిమీద పెద్ద సున్నాలాంటి అక్షరం. స్కోప్‌ని స్టాండులో బిగించి, గీతలు కలిసే చోటుని ఆ అక్షరం నడుమ నిలిపి, చెయ్యి తీసేసి, ఒక కన్ను మూసి, తల అటూ ఇటూ ఊపాను.

ఇదీ ఆ తల ఊపుడు.

ఇది నాకు నేర్పింది డిగ్రీలో మా ఫిజిక్స్ మేడమ్. లెన్సు ముందు ఒక పిన్ను, వెనక ఒక పిన్ను నిలబెట్టి, ఈ పిన్ను ప్రతిబింబం ఆ పిన్ను మీద సరిగ్గా పడిందో లేదో తేల్చాలి. ఊరికే చూస్తే ఎప్పుడూ సరిగ్గానే ఉన్నట్టుంటుంది. తల పక్కకి కదిపితే బండారం బయటపడుతుంది. రెండూ కలిసి కదిలితే ఒకే చోట ఉన్నట్టు, ఒకదాన్ని వదిలి ఒకటి జారితే లేనట్టు. ఆ జారడాన్నే పారలాక్స్ అంటారు. ఇరవైమంది ఆడపిల్లలం ఒక కన్ను మూసి వరసగా తలలూపుతుంటే బయట నుంచి చూసినవాళ్ళు పూనకాలనుకునేవారు. "తల ఊపండమ్మా, బల్ల కాదు!" అని మేడమ్ అరుపు. రికార్డులో సంతకం పెట్టేముందు ఆవిడ కూడా వంగి తల ఊపి చూసేవారు. మన దేశంలో సైన్సు చదివిన ప్రతివాళ్ళూ ఈ పని చేసినవాళ్ళే. మా ఆయనా చేశాడు, అన్నయ్యగారూ చేశారు. ఇద్దరూ ఇంజనీర్లు మరి! పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకుని, తలని అక్కడే వదిలేసి విమానమెక్కారు.

స్కోప్‌లోనూ అదే లెక్క. తల ఊపితే గీతలు అక్షరానికి అతుక్కునే ఉండాలి. జారితే, చెంప తుపాకీ మీద ఒక్కోసారి ఒక్కోలా ఆన్చినప్పుడల్లా గుండు ఒక్కో చోట పడుతుంది. చవకదాంట్లో గీతలు ఆ సున్నాలోంచి బయటికి నడిచి వెళ్ళిపోయాయి. పొట్లకాయకి పక్కన ఒక చక్రముంది, దాన్ని దూరానికి తగ్గట్టు తిప్పితే గీతలు కుదిరాయి, తిప్పకపోతే జారాయి. అంటే దాని తప్పేం లేదు. కానీ పంది బయటికొచ్చి నిలబడ్డాక నేను చక్రం తిప్పుకుంటూ కూర్చోవాలా? పొట్టిది వంద గజాలకి తయారీలోనే సరిచేసి ఉంది. ఎంత ఊపినా గీతలు కదల్లేదు. బంక పెట్టి అతికించినట్టున్నాయి.

నేను నమ్మలేక ఇంకా ఊపుతున్నాను. కొట్టాయన గొంతు సవరించుకుని మర్యాదగా అడిగాడు. "మ్యామ్, తప్పుగా అనుకోకండి. మీరు అవునంటున్నారా, కాదంటున్నారా?"

"ఏదీ అనడం లేదు. పారలాక్స్ చూస్తున్నాను."

ఆయన నా పక్కకి వచ్చాడు. తర్వాత తనూ వంగి, కన్ను పెట్టి, తల ఊపాడు. ఆ పక్కగా నడుస్తున్న ఒక జంట మమ్మల్ని చూసి వరస మారి వెళ్ళిపోయారు.

అక్కడితో ఆపలేదు. పందులు వచ్చేది పొద్దు వాలాక. కాబట్టి పొద్దు వాలేదాకా ఇక్కడే ఉంటామన్నాను. "ఆకలేస్తోందే," అన్నాడు మా ఆయన. "మీ స్నేహితుడి పవర్ తినండి," అన్నాను. వెలుగు తగ్గాక పొట్లకాయని పూర్తి పవర్‌లో పెట్టి చూస్తే బోర్డు మసకేసిపోయింది. పొట్టిదాన్ని ఆరు రెట్ల దగ్గర పెడితే అక్షరాలు తేటగా ఉన్నాయి. ఇందులో మాయేం లేదు. ముందరి అద్దం వెడల్పుని పవర్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట ఎంత లావో తెలుస్తుంది. పొట్టిదాని అద్దం నలభై మిల్లీమీటర్లు, ఆరుతో భాగిస్తే ఆరున్నర పైన. పొట్లకాయది యాభై, ఇరవైనాలుగుతో భాగిస్తే రెండు. ఈ భాగహారం నాలుగో క్లాసుది.

చివరిగా కళ్ళజోడుతోనే చూశాను, ఎందుకంటే పంది వచ్చినప్పుడు కళ్ళజోడు తీసి దాచుకోను. పొట్టిదానికి కన్ను నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నా బొమ్మ నిండుగా కనపడింది. పొట్లకాయకి మూడు వేళ్ళు దాటితే అంచంతా నల్లబడింది. "ఇదివ్వండి," అన్నాను. నోటితోనే అన్నాను, స్పష్టమైన ఇంగ్లీషులో అన్నాను. దారి పొడుగునా ఇదంతా మా ఆయనకి విడమరిచి చెప్పాను కూడా. ఆయన డ్రైవ్ చేస్తూ తల ఊపుతూ విన్నాడు.

ఆ రెండు నెలల్లో ప్రతి శనివారం రేంజ్‌కి వెళ్ళాను. మూడు గుళ్ళు పేల్చడం, కాగితం చూడడం, స్కోప్ పైనున్న గురి సరిచేసే మరని రెండు టిక్కులు తిప్పడం, మళ్ళీ పేల్చడం. రెండో వారానికి గుండు చూసినచోటే పడసాగింది. మన భాషలో గురి అంటే ఎక్కుపెట్టడమూ ఉంది, నమ్మకమూ ఉంది. ఫలానా డాక్టరు మీద నాకు గురి అంటాం. మూడో శనివారం అయిదు గుళ్ళూ బొటనవేలి వెడల్పులో పడ్డ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నప్పుడు నాకు రెండు అర్థాలూ ఒకేసారి తెలిశాయి.

పరీక్ష నాడు ముసలాయన గడ్డిమోపు ఒకటి కుర్చీగా వేశాడు. తుపాకీ ఆన్చుకోవడానికి రెండు కర్రలు కత్తెరలా కట్టినవి ఇచ్చాడు. దూరాన అట్టముక్క మీద పెన్సిలుతో సాసర్ చుట్టూ గీసిన గుండ్రం, మనిషికొకటి.

ముందు అన్నయ్యగారు కూర్చున్నారు. పూర్తి పవర్ పెట్టారు. అంత పవర్‌లో గుండ్రం ముందుకి వచ్చి మీద పడ్డట్టుంటుంది, మన గుండె కొట్టుకోవడం కూడా గుండ్రంలోనే కనపడుతుంది. సరిగా కనపడాలని కన్ను దగ్గరికి జరుపుకుంటూ పోయారు. మొదటి గుండు పేలింది. స్కోప్ వెనక్కి తన్ని కనుబొమల మధ్య కొట్టింది. నెత్తురు చిమ్మలేదు కానీ ఎర్రటి నెలవంక పడింది, ఎవరో శ్రద్ధగా నామం దిద్దినట్టు.

"అయ్యో అన్నయ్యగారూ!"

"ఏం కాలేదు చెల్లెమ్మా. నువ్వు మాట్లాడకు."

ఏం కాలేదు కానీ, ఆ తర్వాత నాలుగుసార్లూ గుండు పేలకముందే ఆయన కళ్ళు మూసుకున్నారు. లోపల రెండు, బయట మూడు. మా ఆయన కాస్త నయం, మూడు లోపల. చక్రం ఇద్దరూ ముట్టుకోలేదు. న్యాయంగా చెప్పాలంటే దానివల్ల పోయింది కొంచెమే, మిగతాదంతా వణుకు. తర్వాత గాలి మీదా, గడ్డిమోపు ఎత్తు మీదా ఇద్దరూ ముసలాయనతో ఎంతసేపు వాదించారంటే, నా వంతు వచ్చేసరికి పొద్దు చెట్ల వెనక్కి దిగింది.

"వెలుగు పోతోంది. రేపు రండి మ్యామ్, ఇది మీ తప్పు కాదు," అన్నాడు ముసలాయన.

"పందులు రేపు రమ్మంటే వింటాయా?" అని కూర్చున్నాను.

ఇది పోతే ఏడాది. ఏడాదంటే ఇంకో గోంగూర పంట, ఇంకో ఏడాది బిర్యానీ ప్లేట్ల దగ్గర కబుర్లు. ఆరు రెట్ల దగ్గర పెట్టాను. గుండ్రం చిన్నగా, నిమ్మళంగా, ఎక్కడుండాలో అక్కడుంది. ఊపిరి సగం వదిలి ఆపాను. ఒకటి. రెండు. మూడు. నాలుగోది పేలాక మా ఆయన పక్క నుంచి "లోపలే" అని గుసగుసలాడాడు. "మాట్లాడకండి," అన్నాను. అయిదోది పేలిన క్షణంలోనే అంచుకి పోయిందని తెలిసిపోయింది.

నలుగురం నడిచి వెళ్ళాం. నాలుగు నడుమ గుంపుగా ఉన్నాయి. అయిదోది పెన్సిలు గీతని కొరికింది.

"గీత మీదుంటే అవుటే చెల్లెమ్మా," అన్నారు అన్నయ్యగారు, నామం తడుముకుంటూ.

"టెన్నిస్‌లో గీత మీద పడితే ఇన్."

"ఇది టెన్నిసా?"

"కాదు. కాబట్టి మీరు అంపైరూ కాదు."

ముసలాయన జేబులోంచి ఒక గుండు తీసి, ఆ రంధ్రంలో పెట్టి, వంగి చూశాడు. "గీసింది నేను. గీత కూడా నా గుండ్రంలోదే. అయిదు," అన్నాడు.

నేను గంతెయ్యలేదు. వెయ్యాలనిపించింది. అట్టముక్క పీకి చంకలో పెట్టుకున్నాను, ఇప్పటికీ మా వంటింట్లో ఫ్రిజ్ మీదుంది.

"ఆ స్కోప్ ఎవరు ఎంచారు?" అని మా ఆయన వైపు చూశాడు ముసలాయన.

"నేను," అన్నాను మా ఆయన నోరు తెరిచేలోపు.

తుపాకీ ఖాళీ చేసి ఆయన చేతికిచ్చాను. కర్రల మీద ఆన్చి, కన్ను పెట్టి, ఆ వంగని మనిషి తల మెల్లగా అటూ ఇటూ ఊపాడు. కళ్ళారా చూశాను. టెక్సస్‌లో పుట్టి పెరిగి, పశువులు తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి, మా ల్యాబులో అమ్మాయిలా.

"ఎవరు నేర్పారు మీకు?"

"మా ఫిజిక్స్ మేడమ్."

"ఆవిడ వేటాడేదా?"

"పిల్లల రికార్డుల్లో తప్పుల్ని."

నవ్వి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. డిసెంబరులో మొదటి పంది, మసక వెలుతురులో, ఎనభై గజాల్లో, ఒకే గుండు. కదల్లేదు, అరవలేదు. మేం పంది తినం, ముసలాయన పట్టుకెళ్ళి పొగమీద కాల్చుకు తిన్నాడు. చలి తగ్గేలోపు ఇంకో నాలుగు. మంద మకాం మార్చింది. ఆ వేసవిలో గోంగూర నడుమెత్తు పెరిగింది. పచ్చడి చేసి ఒక జాడీ అన్నయ్యగారికీ పంపాను. తిని, ఉప్పు తక్కువైందని ఫోన్ చేశారు.

తాళంచెవి నా పేరు మీదుంది కాబట్టి మా ఆయన ఇప్పుడు నాతో వస్తాడు, గేటు తియ్యడానికి, ఫ్లాస్కు మొయ్యడానికి. మొన్న గేటు దగ్గర కారాపి అడిగాను.

"ఆ రోజు పార్కింగ్ లాట్‌లో ఉన్నది ముగ్గురం. నేనీ కథ చెప్పలేదు. కొట్టాయనకి మనవాళ్ళెవరూ తెలీదు. మరి నేను తల ఊపి మొహమాటంతో కొన్నానని మొదట చెప్పిందెవరు? మీరేనా?"

ఆయన తాళంచెవి అందుకున్నాడు. నా కళ్ళలోకి చూశాడు. తల ఊపాడు, అటూ ఇటూ. దిగి వెళ్ళి గేటు తీస్తున్నాడు.

ఇరవైయారేళ్ళ కాపురం. అద్దంలో పారలాక్స్ ఎంతుందో రెండు నిమిషాల్లో తేల్చగలను. కానీ ఆ ఊపుడు, అది అవుననా, కాదనా?